ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్ లెక్కా, పోషణ్ ట్రాకర్ లెక్కా?

విజయనగరం జిల్లాలో పిల్లల పోషణ గురించి మాట్లాడాలంటే అందరూ ముందు తీసేది జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్). ఎంపిక చేసిన ఇళ్లకు వెళ్లి, అంగన్‌వాడీలో పేరున్నా లేకున్నా అయిదేళ్లలోపు పిల్లల ఎత్తు, బరువు తీస్తారు. అయిదో విడతలో రక్తహీనత కూడా చూశారు. అదే దాని బలం. చిక్కేమిటంటే, అయిదో విడతకు మన రాష్ట్రంలో ఇళ్లు తిరిగింది 2019లో. పార్వతీపురం మన్యం 2022 ఏప్రిల్‌లో వేరు పడింది. అంటే ఆ అంకెల్లో కురుపాం, సాలూరు కొండ ఊళ్లు ఇంకా విజయనగరంలోనే ఉన్నాయి!

2021లో వచ్చిన పోషణ్ ట్రాకర్ యాప్‌లో అంగన్‌వాడీ టీచర్లే నెలనెలా కొలతలు ఎక్కిస్తారు. సెంటర్ స్థాయిలో పనికొచ్చేది ఇదే. కాకపోతే కొలిచే తీరును బట్టి అంకె మారిపోతుంది. రెండేళ్లలోపు బిడ్డను పడుకోబెట్టి కొలుస్తారు కదా, ఏడుస్తూ మోకాళ్లు ముడిచాడంటే పొడవు తగ్గిపోతుంది. యాప్‌లో గిడసబారినట్టు, అంటే వయసుకు తగ్గ ఎత్తు లేనట్టు, కనిపిస్తాడు. విచిత్రంగా, పొడవుకు తగ్గ బరువు మాత్రం ఉన్నదానికంటే మెరుగ్గా పడుతుంది. అమ్మానాన్నలతో వలసపోయిన పిల్లల కొలత ఆ నెల అసలు దొరకదు.

అందుకే సర్వే శాతం, ట్రాకర్ శాతం పక్కపక్కన పెట్టి ‘సమస్య తగ్గింది’ అంటే నేను నమ్మను. జిల్లా మొత్తం పరిస్థితికి నా ఓటు సర్వేకే. ఈ నెల ఏ బిడ్డను పీహెచ్‌సీకి తీసుకెళ్లాలో మాత్రం అది చెప్పదు. దానికి ట్రాకరూ, జబ్బ చుట్టుకొలత 11.5 సెంటీమీటర్లలోపు ఉంటే ఎర్రరంగు చూపే చేతి టేపూ కావాల్సిందే.