సొంతంగా కట్టుకున్న కారులో కాపర్-నికెల్ బ్రేక్ పైపులు: కొన్నేళ్ల వాడకం తర్వాత

ఛాసిస్ మొదలుకొని నేనే కట్టుకున్న కారులో బ్రేక్ పైపులన్నిటికీ కాపర్-నికెల్ గొట్టాన్నే వాడాను. దాదాపు 90 శాతం రాగి, 10 శాతం నికెల్, వాటితో పాటు కొద్దిపాటి ఇనుము, మాంగనీసు కలిసిన మిశ్రమ లోహం ఇది; వోల్వో కార్లలో 1970ల నుంచే వాడుకలో ఉంది. నేను తీసుకున్న గొట్టం బయటి వ్యాసం 4.75 మిల్లీమీటర్లు. వానలోనూ దుమ్ములోనూ కొన్నేళ్లు నడిపాక నాకు ఏర్పడిన అభిప్రాయం ఏమిటంటే, తుప్పు పట్టకపోవడం దీని గుణాల్లో ఒకటి మాత్రమే. పైపు ఏ దారిన వెళ్లాలో మనం నిర్ణయిస్తే ఆ దారిలోనే చేతితో వంచి తీసుకుపోగలగడం అంతకన్నా విలువైనది.

ఉక్కు గొట్టాన్ని వంచడం కష్టం కనుక, కట్టేవారి మనసు సహజంగానే తక్కువ వంపులున్న దగ్గరి దారి వైపు మొగ్గుతుంది. దగ్గరి దారి తరచుగా సైలెన్సర్ గొట్టం పక్కనుంచో, ఛాసిస్ అడుగు నుంచో పోతుంది. నా కారులో వెనుక చక్రాలకు వెళ్లే పైపును సైలెన్సర్ లేని పక్కన, ఛాసిస్ రైలు (పొడవాటి దూలం) లోపలి ముఖం మీద, దాని అడుగు అంచుకన్నా పైన నడిపాను. రాయి తగిలినా, జాకీ పెట్టినా ముందు ఛాసిస్‌కే తగులుతుంది. వేడి విషయంలో అంత పట్టుదల ఎందుకంటే, డాట్ 4 రకం బ్రేకు ద్రవం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ వరకు మరగకుండా ఉండాలన్నది ప్రమాణం, తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 155కు దిగిపోతుంది. ద్రవం ఒక్కచోట మరిగినా ఆవిరి పుడుతుంది, ఆవిరి నొక్కుకుపోతుంది, పెడల్ నేలకు ఆనుతుంది. పెట్రోలు పైపునూ బ్యాటరీ నుంచి వచ్చే లావు కేబులునూ బ్రేక్ పైపుతో కలిపి ఒకే క్లిప్పులో బిగించలేదు. కేబుల్ తొడుగు ఒరుసుకుపోతే పుట్టే నిప్పురవ్వలు పలుచని గొట్టానికి చిల్లు పెట్టగలవు.

అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ కోరేవి క్లిప్పులే. ఈ లోహం మామూలు రాగి అంత త్వరగా కంపనాలకు అలిసి పగలదు గానీ, పట్టు లేకుండా వేలాడితే ఏ లోహమైనా ఏదో ఒకనాటికి పగులుతుంది. అందుకే సుమారు 300 మిల్లీమీటర్లకు ఒకటి చొప్పున రబ్బరు పొర ఉన్న క్లిప్పులు వేశాను, ప్రతి వంపుకూ అటూ ఇటూ అదనంగా ఒకటి ఉంచాను. పైపు రేకును దాటే ప్రతి రంధ్రంలోనూ రబ్బరు గ్రోమెట్ (రంధ్రం అంచుకు తొడిగే వలయం) ఉండి తీరాలి. అల్యూమినియం ప్యానెల్ మీద ఈ గొట్టాన్ని నేరుగా ఆనించకూడదు, ఎందుకంటే తడి చేరితే రెండు లోహాల మధ్య విద్యుత్ రసాయన చర్య మొదలై అల్యూమినియం తినుకుపోతుంది. క్లిప్పులు విప్పి చూసిన ప్రతిసారీ గొట్టం రంగు మసకబారి కనిపించింది తప్ప, ఉక్కు పైపులకు క్లిప్పుల కింద తడి నిలిచి పట్టే తుప్పు లాంటిది ఎక్కడా కనిపించలేదు.

ఫ్లేర్ చేయడంలో, అంటే నట్టు బిగించినప్పుడు లీకు కాకుండా గొట్టం చివరను వెడల్పు చేసి మడవడంలో, ఈ గొట్టం చాలా సాయపడింది. మెత్తని లోహం కావడంతో అంచు పగలకుండా మడత చక్కగా కూర్చుంది. అయితే ఒక జాగ్రత్త తప్పనిసరి: 10 మిల్లీమీటర్ల నట్టు, 1 మిల్లీమీటర్ మర ఒకటే అయినా, కొన్ని భాగాలు అంచు రెండు మడతలుగా ఉండే 45 డిగ్రీల డబుల్ ఫ్లేర్‌ను, మరికొన్ని అంచు బుడగలా ఉబ్బి ఉండే బబుల్ ఫ్లేర్‌ను కోరతాయి. వేర్వేరు కార్ల నుంచి, పెడల్ నొక్కుడును ద్రవపు ఒత్తిడిగా మార్చే మాస్టర్ సిలిండర్‌నూ చక్రాల దగ్గర డిస్కులను పట్టి ఆపే కాలిపర్లనూ సేకరించి కట్టేవారికి ఇది నిజమైన ప్రమాదం, ఎందుకంటే తప్పు ఫ్లేర్ కూడా నట్టులో బిగిసినట్టే అనిపిస్తుంది. భాగం లోపల ఫ్లేర్ కూర్చునే చోటు ఆకారాన్ని దీపం వేసి చూసుకున్నాకే ఫ్లేర్ చేయాలి. నీటి పైపులకు వాడే కంప్రెషన్ ఫిట్టింగులకు బ్రేకుల్లో చోటే లేదు.

మాస్టర్ సిలిండర్ దగ్గర పైపును ఒక చుట్టు తిప్పాను, అక్కడి కదలికను అది భరిస్తుంది. ఆ చుట్టును నిలువుగా కాక అడ్డంగా పరిచాను, లేకపోతే దాని పై భాగంలో గాలి చేరి ఎంత బ్లీడ్ చేసినా (ద్రవాన్ని పంపి గాలిని తోసేయాలని చూసినా) బయటికి రాదు. ఇదే కారణంతో మిగిలిన దారిలోనూ అనవసరంగా పైకి లేచి కిందికి దిగే వంపులు రానివ్వలేదు.

చక్రాల దగ్గర ఉండే, సులువుగా వంగే హోసుల పొడవు తేల్చడానికి స్ప్రింగులు తీసేసి, సస్పెన్షన్‌ను పూర్తిగా పైకీ కిందికీ కదిపి, ఆ రెండు స్థితుల్లోనూ స్టీరింగ్‌ను రెండు వైపులా చివరికంటా తిప్పి చూశాను. నిలిపి ఉన్న కారు మీద కొలిచిన పొడవును నమ్మకూడదు. స్టీలు అల్లిక ఉన్న హోసులు ఎంచుకునేవారు పైన ప్లాస్టిక్ తొడుగు ఉన్నవే తీసుకోవాలని గట్టిగా చెబుతాను. తొడుగు లేని అల్లిక తగిలిన ప్రతిదాన్నీ ఆకురాయిలా అరగదీస్తుంది.

లోపాలూ ఉన్నాయి. మెత్తదనం వల్ల చుట్టగా వచ్చిన గొట్టాన్ని తిన్నగా చేయడానికి ఓపిక కావాలి, ఉక్కు పైపుకు ఉండే నిటారుతనం దీనికి రాదు. చిన్న దెబ్బకే సొట్ట పడుతుంది. వెనుక యాక్సిల్ మీద రాళ్లు నేరుగా తగిలే చోట స్ప్రింగ్ తొడుగు వేశాను. ఫ్లేర్ చేయకముందే, నట్టు కన్నా ముందుగా ఆ తొడుగును గొట్టం మీదికి ఎక్కించుకోవాలి. యాక్సిల్ మీది ఆ ఒక్క భాగానికి మాత్రం పూత వేసిన ఉక్కు పైపు వాడినా నేను తప్పుపట్టను. మిగతా దారంతటికీ మళ్లీ కట్టినా ఇదే గొట్టం తీసుకుంటాను.