అమెరికా సెన్సస్ 2020 రివ్యూ: ఫారంకి ఐదు స్టార్లు, లెక్కకి మూడు

ఇది 2020లో జరిగిన అమెరికా జనాభా లెక్కల మీద రివ్యూ. సరిగ్గా కరోనా విరుచుకుపడ్డ నెలలోనే దేశం మొత్తాన్ని లెక్కపెట్టాల్సి వచ్చింది కదా, ఆ సెన్సస్. ఇన్నేళ్ళకి ఇప్పుడు రాయడం ఏంటి అంటారేమో, బిర్యానీ అయితే తిన్న వెంటనే బాగుందో లేదో చెప్పేయొచ్చు, ఇక్కడ సబ్మిట్ కొట్టిన రోజు మనకి ఏమీ తెలీదు. 2022లో సెన్సస్ బ్యూరో తన లెక్కని తనే చెక్ చేసుకుని రిపోర్టులు బయటపెట్టింది, అవి చూశాకే నాకు ఒక అభిప్రాయం వచ్చింది. మేం ఉండేది డల్లాస్ దగ్గర, టెక్సస్. ఈ టెక్సస్ సంగతి కింద మళ్ళీ వస్తుంది.

ముందు ఫారం గురించి. నిజంగా బాగుంది, ఏం వంక పెట్టలేం. మార్చి 12 నుంచి ఇళ్ళకి లెటర్లు రావడం మొదలైంది, అందులో ఒక కోడ్, అది కొట్టి ఫోన్లోనే నింపేయొచ్చు, కోడ్ పోగొట్టుకున్నా అడ్రస్ ఇచ్చి నింపొచ్చు. పది నిమిషాల పని అన్నారు, దాదాపు అంతే పట్టింది. ఇంట్లో ఎంతమంది, ఇల్లు సొంతమా అద్దెదా, పేర్లు, పుట్టిన తేదీలు, ఒకరికొకరు ఏమవుతారు, హిస్పానికా (అంటే స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్నవాళ్ళా) కాదా, రేస్ ఏంటి, ఇలాంటివే. మనకి ఏషియన్ ఇండియన్ అని విడిగా బాక్స్ ఉంది, టిక్ పెట్టేయడమే. జీతం అడగలేదు, వీసా అడగలేదు, సోషల్ సెక్యూరిటీ నంబర్ అడగలేదు. ఆన్‌లైన్‌ని మెయిన్ దారిగా పెట్టి చేసిన మొదటి అమెరికా సెన్సస్ ఇదే, 2016లో ఆస్ట్రేలియా వాళ్ళ సెన్సస్ సైట్ సరిగ్గా లెక్కల రోజు రాత్రే పడిపోయి దాదాపు రెండు రోజులు లేవలేదు కాబట్టి ఇక్కడా అదే జరుగుతుందని చాలామంది రాశారు, అలాంటిదేం జరగలేదు. ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే ఈ ఆన్‌లైన్ ఫారం గనక లేకపోయుంటే ఆ ఏడాది సెన్సస్ మొత్తం మునిగిపోయేది. ఇంట్లోంచి కదలకూడదు అన్న రోజుల్లో కూడా తమంతట తామే నింపిన ఇళ్ళు 67 శాతం, 2010లో ఏ రోగం లేనప్పుడు 66.5. ఆ అర శాతం ఎక్కువ రావడం మామూలు విషయం కాదండి.

తెలుగు సంగతి కూడా చెప్పాలి. ఆన్‌లైన్ ఫారం, ఫోన్ లైన్లు ఇంగ్లీషు కాకుండా ఇంకో 12 భాషల్లో పెట్టారు, అందులో మనది లేదు, అసలు ఇండియన్ భాష ఒక్కటీ లేదు. కానీ 59 భాషల్లో గైడ్లు ఇచ్చారు, వాటిల్లో తెలుగు ఉంది, తమిళం, హిందీ, గుజరాతీ కూడా ఉన్నాయి. పిడిఎఫ్ పక్కన పెట్టుకుని ఇంగ్లీషు ఫారం నింపుకోవాలన్నమాట. ఇంగ్లీషు అంతగా రాని అత్తయ్యగారో మామయ్యగారో ఒక్కళ్ళే ఉన్న ఇంట్లో అది ఎంతవరకు పనికొస్తుందో మీరే ఊహించుకోండి, అయినా ఏమీ లేనిదానికంటే నయం. ఇంకో మాట, మనవాళ్ళు చాలామంది సెన్సస్ నింపితే అమెరికాలో తెలుగువాళ్ళు ఎంతమందో తేలుతుంది అనుకున్నారు, గ్రూపుల్లో అలాగే ప్రచారం కూడా చేశారు. ఆ ఫారంలో భాష ప్రశ్నే లేదు. ఇంట్లో ఏం మాట్లాడతారు అని అడిగేది అమెరికన్ కమ్యూనిటీ సర్వే, అది వేరే, ప్రతి ఏడాది కొన్ని ఇళ్ళకే వస్తుంది. పదేళ్ళ లెక్కలో మనం తెలుగువాళ్ళం కాదు, ఏషియన్ ఇండియన్లం, అలా ఆ ఒక్క బాక్సే టిక్ పెట్టినవాళ్ళు దాదాపు 44 లక్షలు.

అసలు గందరగోళం అంతా ఎవర్ని రాయాలి ఎవర్ని రాయకూడదు అన్న దగ్గర. రూల్ చదివితే సింపుల్‌గానే ఉంటుంది, ఏప్రిల్ 1 నాటికి మామూలుగా ఎక్కడ ఉంటూ, ఎక్కడ పడుకుంటారో అక్కడ లెక్క, పౌరసత్వంతో సంబంధం లేదు. హెచ్-1బి వాళ్ళు లెక్కలోకి వస్తారు, ఎఫ్-1 స్టూడెంట్లు వస్తారు, ఏప్రిల్ 1 రాత్రి పన్నెండు లోపు పుట్టిన పాప ఇంకా హాస్పిటల్లోనే ఉన్నా వస్తుంది. విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్న రారు. మామూలు ఏడాది అయితే ఇక్కడితో అయిపోయేది. కానీ 2020 మార్చి చివరికి ఇండియా ఇంటర్నేషనల్ ఫ్లైట్లు ఆపేసింది, డెలివరీకి సాయంగా వచ్చిన అమ్మమ్మలు, నాయనమ్మలు ఎక్కడివాళ్ళక్కడ ఇరుక్కుపోయారు, తిరిగెళ్ళేది ఎప్పుడో ఎవరికీ తెలీదు. మూడు నెలలకని వచ్చి ఎన్ని నెలలుంటారో తెలియని మనిషి ఇక్కడ ఉంటున్నట్టా, చూడ్డానికి వచ్చినట్టా? వాళ్ళ ఇల్లు ఇండియాలోనే ఉంది కాబట్టి రాయకూడదు అన్నదే కరెక్టు, కానీ ఇంట్లో ఎంతమంది ఉన్నారు అని అడిగితే కళ్ళెదురుగా సోఫాలో కూర్చున్న మనిషిని లేరని ఎలా రాస్తాం అనుకున్నవాళ్ళు నాకే చాలామంది తెలుసు.

కాలేజీ పిల్లల విషయం ఇంకా గజిబిజి. మార్చిలోనే క్యాంపస్‌లు మూసేసి పిల్లల్ని ఇళ్ళకి పంపేశారు. రూల్ ప్రకారం కరోనా లేకపోతే ఏప్రిల్ 1న ఎక్కడ ఉండేవారో అక్కడే లెక్క, అంటే డార్మ్‌లో (కాలేజీ హాస్టల్లో) ఉండే పిల్లాడిని కాలేజీ వాళ్ళు రాసి పంపుతారు, తల్లిదండ్రులు రాయకూడదు. పై గదిలో జూమ్ క్లాసు వింటున్న కొడుకుని ఏ తల్లి రాయకుండా ఉంటుంది చెప్పండి. ఇక ఓపిటి మీద (అంటే చదువయ్యాక స్టూడెంట్ వీసా మీదే ఉద్యోగం చేసుకునే పర్మిషన్ మీద) ఉన్న కుర్రాళ్ళు నలుగురైదుగురు కలిసి అద్దెకుండే అపార్ట్‌మెంట్లలో దీనికి పూర్తి రివర్స్, ఇంటికి ఒకటే ఫారం, ఒకడు నింపితే అందర్నీ అందులోనే రాయాలి, లీజు మీద పేరున్నోడు నింపుంటాడులే అని మిగతావాళ్ళు ఊరుకోవడం, వాడేమో తన ఒక్కడి పేరే రాసుకోవడం. అప్పట్లో భయం కూడా ఉండేది లెండి. ట్రంప్ ప్రభుత్వం పౌరసత్వం ప్రశ్న పెడతానంటే 2019 జూన్‌లో సుప్రీంకోర్టు అడ్డుపడింది, ఫారంలో ఆ ప్రశ్నే లేదు, మన సమాచారం బయటపెట్టిన ఉద్యోగికి ఐదేళ్ళ దాకా జైలు, రెండున్నర లక్షల డాలర్ల దాకా జరిమానా అని చట్టం ఉంది, పేర్లతో ఉన్న రికార్డులు 72 ఏళ్ళ దాకా బయటికి రావు. ఇవన్నీ చెప్పినా వీసా స్టాంపింగ్ పెండింగ్‌లో ఉన్నవాడికి గవర్నమెంట్ లెటర్ చూస్తేనే గుండె గుభేల్‌మనేది.

ఇంతవరకు సర్వీసుకి ఐదు స్టార్లే. దిగజారింది తర్వాత, ఫారం నింపని ఆ 33 శాతం ఇళ్ళ దగ్గర. మార్చి 18న ఫీల్డ్ పని ఆపేశారు, మే నుంచి కొద్దికొద్దిగా మొదలుపెట్టారు. ఇది అందరికీ ఒకేలా తగల్లేదు. మాలాంటి సబర్బ్ ఇళ్ళకి పోస్టులో లెటర్ వస్తుంది, కానీ ఊరవతల, రిజర్వేషన్లలో (అమెరికా ఆదివాసీలకి కేటాయించిన ప్రాంతాల్లో), పోస్టాఫీసు బాక్సుకే ఉత్తరాలు వచ్చే చోట్ల మనిషి వెళ్ళి గుమ్మం దగ్గర ఫారం పెట్టి రావాలి, సెన్సస్ వాళ్ళు పోస్టాఫీసు బాక్సులకి పంపరు. ఆ పని ఆగిపోయింది అంటే అక్కడి వాళ్ళకి సెన్సస్ మొదలే కాలేదన్నట్టు. నవాహో నేషన్ అనే రిజర్వేషన్‌లో అప్పుడు కరోనా ఘోరంగా ఉంది, కర్ఫ్యూలు పెట్టారు, ఇంటర్నెట్ అంతంత మాత్రం. ఇళ్ళు లేనివాళ్ళని మార్చి చివర్లో మూడు రోజులు లెక్కపెట్టాల్సింది, సెప్టెంబర్ 22 నుంచి 24కి జరిపారు, ఏప్రిల్ 1న ఎక్కడున్నారో ఆర్నెల్ల తర్వాత ఎవరికి గుర్తుంటుంది.

దీనికి బ్యూరో మొదట తీసుకున్న నిర్ణయం సరైందే, ఇంటింటికీ తిరిగే పనిని అక్టోబర్ 31 దాకా పొడిగించింది, రిజల్ట్ ఇవ్వడానికి కూడా ఇంకో నాలుగు నెలలు కావాలని కాంగ్రెస్‌ని అడిగింది. కాంగ్రెస్ ఆ చట్టం చెయ్యలేదు. ఆగస్టు 3న ఉన్నట్టుండి సెప్టెంబర్ 30కే ముగిస్తాం అన్నారు. దాని మీద కొన్ని సంఘాలు, సిటీలు కోర్టుకెళ్ళాయి, శాన్ హోజేలో జడ్జి లూసీ కో ఆపకండి అన్నారు, అక్టోబర్ 13న సుప్రీంకోర్టు ఆపుకోవచ్చు అంది, అక్టోబర్ 15తో అయిపోయింది. ఈ నెలల్లోనే లూసియానాలో లారా తుఫాను, కాలిఫోర్నియా, ఓరెగాన్‌లో కార్చిచ్చులు. ఫీల్డ్‌లో తిరిగే ఎన్యూమరేటర్‌కి తన ఆఖరి రోజు ఎప్పుడో తనకే తెలీదు. రోగం వచ్చినందుకు నేను ఒక్క స్టార్ కూడా తగ్గించను, టైమ్ ఇస్తానని చెప్పి వెనక్కి లాక్కున్నందుకు మాత్రం తగ్గిస్తా.

మా సందులో కూడా మాస్కు పెట్టుకుని, చేతిలో ఐఫోన్‌తో ఒకావిడ తిరిగింది, తలుపు కొట్టి పది అడుగులు వెనక్కి వెళ్ళి నిలబడేది, చాలా మర్యాదగా మాట్లాడింది. మా గురించి కాదు, ఎదురింటివాళ్ళు తలుపు తియ్యట్లేదు, వాళ్ళింట్లో ఎంతమంది ఉంటారో తెలుసా అని అడిగింది. దాన్ని ప్రాక్సీ అంటారు, ఎప్పటినుంచో ఉన్న పద్ధతే. కానీ ఎవరూ ఎవరింటికీ వెళ్ళని ఏడాదిలో పక్కింటివాడికి ఏం తెలుస్తుంది? ఇద్దరో ముగ్గురో అంటాం, పేర్లు వయసులు తెలీవు. అదీ దొరక్కపోతే ట్యాక్స్ రికార్డులు, సోషల్ సెక్యూరిటీ రికార్డులు చూసి నింపారు, అదీ లేకపోతే స్టాటిస్టిక్స్‌తో అంచనా వేశారు.

ఇప్పుడు ఫలితం. మొత్తం జనాభా 33,14,49,281 అని 2021 ఏప్రిల్ 26న ప్రకటించారు. చట్టం ప్రకారం 2020 డిసెంబర్ 31కి ఇవ్వాలి, ఆ గడువు కోసమే ఫీల్డ్ పని కుదించారు, తీరా ఆ గడువూ దాటిపోయింది. తర్వాత విడిగా శాంపిల్ సర్వే చేసి పోల్చి చూస్తే దేశం మొత్తం మీద తేడా దాదాపు సున్నా. హెడ్డింగ్ చూసి భేష్ అనుకుంటాం. లోపల చూస్తే లెక్కలో పడకుండా పోయినవాళ్ళు సుమారు 1.88 కోట్ల మంది, రెండుసార్లు పడ్డవాళ్ళు, అంచనాతో నింపినవాళ్ళు వాళ్ళకి సరిపోయారు, అందుకే సున్నా. అటువాళ్ళూ ఇటువాళ్ళూ ఒకళ్ళే అయితే బాధ లేదు, కాదు కదా. హిస్పానిక్ జనం 4.99 శాతం తక్కువ లెక్కకొచ్చారు, 2010లో అది 1.54 మాత్రమే. నల్లజాతివాళ్ళు 3.30 శాతం తక్కువ, రిజర్వేషన్లలో ఉండే అమెరికన్ ఇండియన్లు (మనం కాదు, అక్కడి ఆదివాసీలు) 5.64 శాతం తక్కువ. హిస్పానిక్ కాని తెల్లవాళ్ళు 1.64 శాతం ఎక్కువ. మరి మన ఏషియన్లు? 2.62 శాతం ఎక్కువ! మనకి సర్వీసు అంత స్మూత్‌గా నడిచింది కాబట్టే మనం ఎక్కువ పడ్డాం అని నా అనుమానం, పైన చెప్పిన డార్మ్ పిల్లలు ఇంటి ఫారంలోనూ కాలేజీ లిస్టులోనూ రెండు చోట్లా ఉండుంటారు. ఫారం సులువుగా ఉంది కాబట్టి సెన్సస్ బాగా జరిగింది అని మనలాంటోళ్ళం రివ్యూ రాస్తే ఆ రివ్యూని నమ్మకూడదు, లెటర్ అందనివాడు ఎక్కడా రివ్యూ రాయడు.

ఒక్కో రాష్ట్రానికి పార్లమెంటులో ఎన్ని సీట్లు, ఎంత ఫండ్లు అన్నది ఈ లెక్క మీదే ఆధారపడి ఉంది. న్యూయార్క్ ఇంకో 89 మందిని చూపించగలిగి ఉంటే, మిగతా రాష్ట్రాల లెక్క అలాగే ఉంటే, పార్లమెంటు సీటు పోయేది కాదు. ఆ ఆఖరి సీటు మిన్నెసోటాకి మిగిలింది, అక్కడ 3.84 శాతం ఎక్కువ లెక్కపెట్టారని తర్వాత తేలింది, న్యూయార్క్‌లో కూడా ఎక్కువే లెండి, 3.44. మా టెక్సస్ 1.92 శాతం తక్కువ. కొత్తగా మూడు సీట్లు వస్తాయనుకుంటే రెండొచ్చాయి. సెన్సస్ నింపండి అనే ప్రచారానికి కాలిఫోర్నియా 18 కోట్ల డాలర్లకి పైగా పెట్టింది, మా రాష్ట్ర అసెంబ్లీ ఏమీ కేటాయించలేదు, సిటీలు, సంఘాలు వాళ్ళ తిప్పలు వాళ్ళు పడ్డాయి. ఎక్కువ తక్కువలకి ఇదొక్కటే కారణం అనను, కానీ ఖర్చు పెట్టనిచోట వచ్చిన తక్కువని కరోనా ఖాతాలో రాసేస్తే ఒప్పుకోను.

వేరేవాళ్ళతో పోలిస్తే ఎలా అంటే, ఇంగ్లండ్, వేల్స్ 2021 మార్చిలో కరోనా మధ్యలోనే చేసి 97 శాతం రెస్పాన్స్ తెచ్చుకున్నాయి, స్కాట్లాండ్ భయపడి ఏడాది వాయిదా వేసి 2022లో చేస్తే 90 కూడా దాటలేదు. మన దేశంలో 2020 ఏప్రిల్‌లో ఇళ్ళ లిస్టింగ్ మొదలవ్వాల్సింది, ఆపేశారు, ఆపింది ఆపినట్టే ఏళ్ళు గడిచిపోయాయి, ఇప్పుడు 2027 మార్చి 1 తేదీ పెట్టుకున్నారు. ఈలోపు రేషన్ కార్డుల కోటా కూడా 2011 లెక్క మీదే. కాబట్టి అమెరికావాళ్ళు ఆ ఏడాదే ఎలాగోలా పూర్తి చేసినందుకు ఒక స్టార్ గట్టిగా ఇస్తున్నా. ఫారం, ప్రైవసీ కలిపి ఇంకో రెండు. క్యాలెండర్‌తో ఆడుకున్నందుకు ఒకటి కట్, ఎవరు మిస్ అయ్యారో చూశాక ఇంకోటి కట్.

2030లో వాడబోయేవాళ్ళకి నా సలహా: ఒకే ఇంట్లో ఉన్న రూమ్మేట్లంతా ఒకేసారి కూర్చుని ఒకటే ఫారం నింపండి, చంటిపిల్లల్ని మర్చిపోకండి, 2020లో ఐదేళ్ళ లోపు పిల్లలు 2.79 శాతం తక్కువ పడ్డారు. డార్మ్‌లో ఉన్న పిల్లల్ని కాలేజీకి వదిలేయండి, ఇండియా నుంచి చూడ్డానికి వచ్చిన అమ్మానాన్నకి ఏప్రిల్ 1న మంచి భోజనం పెట్టండి కానీ ఫారంలో రాయకండి. గ్రీన్ కార్డ్ మీద వచ్చి మీతోనే ఉంటుంటే మాత్రం రాయాల్సిందే.