తుంగ తీయాలన్నా, పసుపు తవ్వాలన్నా ఈ నాలుగు పళ్ళ ఫోర్కే

పెరట్లో తుంగతో వేగలేక విసిగిపోయినవాళ్ళకి ముందే చెప్తున్నా, పార పక్కన పెట్టి తవ్వే ఫోర్కు ఒకటి కొనుక్కోండి. నేను వాడుతున్నది నాలుగు పళ్ళది. పళ్ళు అడుగుకి కాస్త తక్కువ పొడవు, చెక్క కాడ, పైన పట్టుకోవడానికి డి ఆకారం పిడి. హార్డ్‌వేర్ షాపులో 1,200 చిల్లర పడింది, ఆ డబ్బుకి పూర్తి న్యాయం చేస్తోంది.

తుంగలో పైన కనిపించే గడ్డి పీకితే ఏం లాభం ఉండదు. అసలుది కింద ఉంటుంది, నల్లటి చిన్న గడ్డలు సన్నటి వేరుకాడలతో ఒకదానికొకటి గొలుసుకట్టుగా. పారతో కొడితే ఆ గొలుసు ముక్కలై, మట్టిలో ఉండిపోయిన గడ్డలన్నీ విడివిడిగా మళ్ళీ మొలుస్తాయి. గరిక కూడా అంతే, కణుపున్న ముక్క మిగిలితే చాలు. ఫోర్కుని దుబ్బుకి జానెడు దూరంలో నిలువుగా పెట్టి కాలితో తొక్కి, పిడి కొద్దిగా వెనక్కి వంచితే పెళ్ళ మొత్తం కదులుతుంది, దాన్ని ఎత్తి రెండుసార్లు విదిలిస్తే మట్టి పళ్ళ సందుల్లోంచి రాలిపోయి గడ్డలూ వేర్లూ పైనే ఉండిపోతాయి. ఏరి ఎండలో పారేయడమే. ఒక్క విడతతో పోదు, మళ్ళీ మొలిచినవాటిని కూడా ఆకులు ముదరకముందే ఇలాగే లేపాలి.

పసుపు, చామ, చిలగడదుంప తవ్వడానికి నాకైతే దీన్ని మించింది లేదు. పలుగుతో తవ్వితే ఎక్కడో ఒక దెబ్బ దుంపకి తగులుతుంది, దెబ్బ తగిలింది నిల్వ ఉండదు. ఫోర్కుతో దుబ్బు చుట్టూ వదులు చేసి ఎత్తితే పసుపు కొమ్ములు పెద్దగా విరగకుండా గుత్తిగా వస్తాయి. వానపాములు కూడా పార కింద తెగినన్ని తెగవు, ఎరువు గుంత తిరగేసేటప్పుడు ఈ తేడా బాగా తెలుస్తుంది.

నేల పదునులో ఉన్నప్పుడే దిగుతుంది, ఇది మాత్రం గుర్తుంచుకోండి. ఎండిన నల్లరేగడిలో పళ్ళు దిగవు, బాగా తడిస్తే బంక అంటుకుని లేవదు. ఎర్రనేలలో ముందురోజు సాయంత్రం నీళ్ళు పెడితే చాలు. రాయి తగిలిందా, ఆపేసి పలుగు తెచ్చుకోండి, ఫోర్కుతో పెకలించారంటే పన్ను వంగడం ఖాయం.

కొనేటప్పుడు పళ్ళు చూడండి. తవ్వేదానికి పళ్ళు మందంగా, నలుపలకలుగా, దాదాపు నిటారుగా ఉంటాయి. సన్నగా గుండ్రంగా వంపు తిరిగి ఉంటే అది గడ్డీ పేడా ఎత్తేది, నేలలో దించితే పాడవుతుంది. షాపుల్లో రెండూ ఒకే మూల నిలబెట్టి, ఏదడిగినా ఏదో ఒకటి చేతిలో పెడతారు. పళ్ళూ కాడ దిగే గొట్టమూ ఒకే ఇనుముతో సాగగొట్టి చేసినవైతే మంచిది. ఇంతకుముందు ఆన్‌లైన్‌లో చవగ్గా వచ్చిందని మావాళ్ళు తెప్పించినది రేకు వంచి వెల్డింగ్ పెట్టినది, మొదటి కంద దుబ్బు దగ్గరే అతుకు ఊడిపోయింది, వెనక్కి తీసుకోమంటే వాడేశారు కదా అన్నారు.

దీనిలో నాకు నచ్చనిది కాడ ఒక్కటే. ఎండాకాలం చెక్క ఎండి గొట్టంలో వదులైపోయింది, పొడుగు మనిషికైతే నడుం కూడా వంగుతుంది. మా కమ్మరి దగ్గర కాస్త పొడుగు తుమ్మకర్ర వేయించి రివెట్టు కొట్టించాక ఆ రెండు బాధలూ తీరాయి. పని అయ్యాక మట్టి తుడిచి, పళ్ళకి కాస్త నూనె రాస్తే తుప్పు పట్టదు.

మిద్దె తోటలో కుండీలు, గ్రో బ్యాగులు మాత్రమే ఉన్నవాళ్ళకి ఇది దండగ. మూడు పళ్ళ చేతి ఫోర్కు వంద రెండొందల్లో దొరుకుతుంది, పైమట్టి గుల్ల చేసి ఎరువు కలపడానికి అది సరిపోతుంది. రెండు మూడు సెంట్ల పెరడైనా ఉండి, నేలలో దుంపలు వేసేవాళ్ళయితే మాత్రం పెద్దదే తీసుకోండి.