పాత పాటా, కొత్త పాటా: ఏది మేలు?

సంగీతం గురించి ఏం రాసినా పాఠకులు చివరికి ఈ ప్రశ్న దగ్గరికే వస్తారు. ఈ కాలపు పాటలు పాత పాటల కాలిగోటికి సరిపోతాయా అని సగం మంది అడుగుతారు. మీరు పాత పాటల మోజులో పడి కొత్తవి వినడం మానేశారని మిగతా సగం మంది దెప్పుతారు. ఇన్నాళ్లూ దాటవేస్తూ వచ్చాను. ఈ మధ్య ఇంట్లోని పాత సీడీలు ఉంచుకోవాలా, అవే ఆల్బమ్‌లు ఫోన్‌లో దొరుకుతున్నాయి కదా అని వదిలించుకోవాలా తేల్చుకోవలసి వచ్చింది. రెండింటినీ పక్కపక్కన పెట్టి విన్నాక దాటవేయడానికి వీలు లేకుండా పోయింది.

ముందు పోటీ న్యాయంగా జరగాలి. పాతకాలం అనగానే మనకు గుర్తొచ్చేవి ఏళ్ల తరబడి వడపోతలో నిలిచిన పాటలు. కొత్తకాలం అనగానే గుర్తొచ్చేవి నిన్నమొన్న చెవిన పడినవన్నీ. రాక్ సంగీతానికి స్వర్ణయుగమని చెప్పుకునే రోజుల్లో 1969 ఒకటి. బీటిల్స్ ఇంకా కలిసి పాడుతున్నారు, వుడ్‌స్టాక్ ఉత్సవం జరిగింది. ఆ ఏడాది మొత్తానికి బిల్‌బోర్డ్ పత్రిక అమెరికాలో మొదటి స్థానం ఇచ్చిన పాట మాత్రం ‘షుగర్, షుగర్’. పాడినది ఆర్చీస్ అనే బృందం. ఆ బృందంలో మనుషులెవరూ లేరు, అందరూ కార్టూన్ బొమ్మలే. స్టూడియో గాయకులు పాడారు, స్టూడియో వాయిద్యకారులు వాయించారు, పేరు బొమ్మలకు వచ్చింది. పాట హుషారుగానే ఉంటుంది, కాదనను. కానీ సంగీతం ఇప్పుడే సరుకుగా మారిందని, గాయకులను ఇప్పుడే తయారుచేసి అమ్ముతున్నారని వాపోయేవారు ఆ ఏడాది జాబితాను పైనుంచి కిందికి ఒకసారి చదవాలి.

పైగా ఈ ఫిర్యాదు పాటలకంటే పాతది. ‘గతకాలము మేలు వచ్చు కాలము కంటెన్’ అన్న మాట తెలుగులో సామెతై కూర్చుంది. గ్రామఫోన్ వచ్చిన కొత్తల్లో, 1906లో, అమెరికా స్వరకర్త జాన్ ఫిలిప్ సూసా ఈ యంత్రాల వల్ల జనం పాడుకోవడం మానేస్తారని, సంగీతం చెడిపోతుందని పత్రికలో ఏకంగా పెద్ద వ్యాసమే రాశాడు. మనం ఇప్పుడు బంగారంలా దాచుకుంటున్న రికార్డులన్నీ ఆయన భయపడిన యంత్రం నుంచి వచ్చినవే. దీనికి తోడు వయసు ఒకటి ఉంది. పదేళ్ల నుంచి ఇరవై అయిదేళ్ల దాకా విన్న పాటలే మనిషి జ్ఞాపకంలో గట్టిగా పాతుకుపోతాయని మనస్తత్వ పరిశోధకులు పదేపదే గమనించారు. నాకు నా కాలేజీ రోజుల పాటలు గొప్పగా వినిపిస్తే అందులో పాట వాటా ఎంతో, నా వయసు వాటా ఎంతో విడదీయడం కష్టం. కాబట్టి ‘నాకు నచ్చింది’ అన్నదాన్ని సాక్ష్యంగా తీసుకోకుండా ఒక్కో అంశమే చూద్దాం.

బాణీతో మొదలుపెడదాం. దీని మీద రెండు పెద్ద అధ్యయనాలు ఉన్నాయి, రెండూ రెండు దారులు పట్టాయి. 2012లో స్పెయిన్ పరిశోధకులు 1955 నుంచి 2010 వరకు వచ్చిన నాలుగున్నర లక్షలకు పైగా పాటలను కంప్యూటర్‌తో పరిశీలించారు. స్వరం నుంచి స్వరానికి సాగే నడకల్లో వైవిధ్యం తగ్గిందని, వాయిద్యాల నాదం ఒకే తీరుగా మారుతోందని, మోత పెరిగిందని చెప్పారు. 2015లో లండన్ పరిశోధకులు 1960 నుంచి 2010 వరకు అమెరికాలో జనాదరణ పొందిన సుమారు 17,000 పాటలు తీసుకున్నారు. వైవిధ్యం అంతకంతకూ పడిపోతూ వచ్చిందనడానికి వాళ్లకు ఆధారం దొరకలేదు. అన్నిటికంటే ఒకే మూసలో సాగిన కాలం 1980ల నడిమి రోజులని తేలింది. ఆ దశకపు పాటలను నెత్తిన పెట్టుకునేవారికి ఈ మాట మింగుడుపడదు. పాటల తీరు ఒక్కసారిగా మారిన సంవత్సరాలుగా వాళ్లు 1964, 1983, 1991లను గుర్తించారు. 1991 నాటి మార్పు ర్యాప్, హిప్‌హాప్ వల్ల వచ్చింది, మూడింటిలోనూ పెద్దది అదే.

నా చెవికి తోచింది చెబుతాను. పాత పాటలో పల్లవి, చరణం అయ్యాక మధ్యలో దారి మళ్లే ముక్క ఒకటి తరచూ ఉండేది. ఇప్పుడు నాలుగు కార్డుల (కొన్ని స్వరాలను కలిపి ఒకేసారి మోగించే గుత్తుల) వరుస ఒకటి మొదటి నుంచి చివరి దాకా తిరుగుతూ ఉంటుంది, మిగతాదంతా దాని మీద పేర్చడమే. అక్కడ పాతదే మేలు. లయ దగ్గరికి వస్తే కొత్తదానిదే పైచేయి. ఈనాటి మామూలు ర్యాప్ పాటలో మాటలు తాళాన్ని తప్పించుకుంటూ, మళ్లీ అందుకుంటూ నడిచే తీరు నలభై ఏళ్ల కిందటి మామూలు పాటలో వెతికినా దొరకదు. ఇక్కడ నా లెక్క ప్రకారం సమానం.

సాహిత్యం సంగతి ఒక్క మాటలో తేల్చేస్తాను. ‘నువ్వు లేక నేను లేను’ తరహా పాటలు అప్పుడూ బస్తాలకొద్దీ వచ్చాయి, ఇప్పుడూ వస్తున్నాయి. మంచి కవి చేతిలో పడిన పాట అప్పుడూ అరుదే.

గొంతు దగ్గర కాస్త ఆగాలి. 1963 ఫిబ్రవరి 11న బీటిల్స్ తమ మొదటి ఆల్బమ్‌లోని పది పాటలను లండన్ స్టూడియోలో ఒక్క రోజులో రికార్డు చేశారు. పొద్దుపోయే వేళకు పాడిన చివరి పాటలో బృంద గాయకుడు జాన్ లెన్నన్ గొంతు బొంగురుపోయింది, ఆ బొంగురే ఆ పాటకు ప్రాణమైంది. 1997లో శ్రుతి తప్పిన గొంతును కంప్యూటర్‌తో సరిచేసే ఆటో-ట్యూన్ వచ్చింది. దాన్ని తయారుచేసిన ఆండీ హిల్డెబ్రాండ్ అంతకుముందు చమురు కంపెనీల కోసం భూగర్భ తరంగాల లెక్కలు కట్టిన ఇంజనీరు. 1998లో అమెరికా గాయని షెర్ పాడిన ‘బిలీవ్’ పాటలో ఆ పరికరాన్ని కావాలనే బయటికి వినిపించేలా వాడారు, ప్రపంచమంతా ఊగిపోయింది. అలా బాహాటంగా వాడితే నాకు అభ్యంతరం లేదు, అదీ ఒక వాయిద్యమే. చాటుగా, ప్రతి స్వరాన్నీ గీత గీసినట్టు సరిచేసేయడమే నాకు మింగుడుపడదు. స్వరానికి కిందినుంచి జారుతూ వచ్చి అందుకోవడం, భావం బరువెక్కిన చోట కాస్త శ్రుతి వాలడం గాయకుడి సంతకాలు. వాటిని తప్పుల పద్దులో వేసి తుడిచేస్తే మిగిలేది శుభ్రమైన గొంతు, ఎవరిదో తెలియని గొంతు. ఈ అంశంలో పాతదానికే నా ఓటు.

ఇవన్నీ ఒక ఎత్తు, మోత ఒక్కటీ ఒక ఎత్తు. పాత పాట, కొత్త పాట తగవులో నాకు నిజంగా నిర్ణాయకంగా తోచింది ఇదే. చాలామంది ‘కొత్త పాటలు వింటే తలనొప్పి’ అని చెప్పి, కారణం బాణీ మీదకో భాష మీదకో నెట్టేస్తారు. అసలు దోషి వేరే చోట ఉంది.

ఏదైనా పాత ఆల్బమ్‌ను 1980ల నాటి సీడీ నుంచి, పదిహేను ఇరవై ఏళ్ల తర్వాత వచ్చిన ‘రీమాస్టర్’ (అదే రికార్డింగ్ ధ్వనిని మళ్లీ సవరించి విడుదల చేసిన ప్రతి) నుంచి కంప్యూటర్‌లోకి ఎక్కించి, ధ్వని తరంగాన్ని తెర మీద చూడండి. నేను చేసిన పని అదే. పాత సీడీలో గీత సన్నగా మొదలవుతుంది, డ్రమ్ము దెబ్బ పడ్డ చోటల్లా ముల్లులా లేస్తుంది, చరణంలో తగ్గుతుంది, పల్లవి తిరిగి రాగానే ఉబ్బుతుంది. కొత్తదానిలో మొదటి క్షణం నుంచి చివరి దాకా పైనా కిందా కత్తిరించిన ఇటుక. పాడింది అదే మనిషి, వాయించింది అవే చేతులు. పాత సీడీలో గాయకుడు గుసగుసలాడిన చోట నేను ముందుకు వంగి విన్నాను. కొత్తదానిలో ఆ గుసగుస కేకంత ఉంది. సీడీలు అటకెక్కకుండా అల్మరాలోనే ఉండిపోవడానికి కారణం ఇదొక్కటే.

ఇలా ఎందుకు జరిగిందంటే, మన చెవికి ఒక బలహీనత ఉంది. 1933లో బెల్ ప్రయోగశాలల శాస్త్రవేత్తలు ఫ్లెచర్, మన్సన్ దాన్ని కొలిచి చూపించారు. ధ్వని తగ్గేకొద్దీ మంద్ర స్వరాలు చెవికి ముందుగా మాయమవుతాయి, పెంచేకొద్దీ తిరిగొస్తాయి. అందుకే ఒకే పాటను రెండుసార్లు వినిపించి, రెండోసారి రవ్వంత పెంచితే రెండోదే నిండుగా, మెరుగ్గా ఉందని చెబుతాం. రికార్డు కంపెనీలకు ఈ కిటుకు నాణెం వేస్తే పాట మోగించే జ్యూక్‌బాక్స్‌ల కాలం నుంచీ తెలుసు. పక్క పాటకంటే మన పాట గట్టిగా మోగాలి. అయితే నల్ల రికార్డు మీద ఆ ఆట ఎంతో దూరం సాగేది కాదు. ధ్వని పెరిగితే గాడి వెడల్పవుతుంది, రికార్డులో పట్టే నిడివి తగ్గుతుంది, మరీ పెంచితే సూది గాడి తప్పి ఎగురుతుంది.

1982లో సీడీ వచ్చింది. సూది పోయింది, గాడి పోయింది. మెల్లని ధ్వనికీ బిగ్గరైన ధ్వనికీ మధ్య సుమారు 96 డెసిబెల్‌ల అంతరం పట్టే జాగా దొరికింది. ఇంత విశాలమైన ఇల్లు చేతికొస్తే మనవాళ్లు చేసిన పని, సామానంతా పైకప్పుకు అంటుకునేలా ఎక్కించడం. సీడీకి దాటరాని ఎత్తు ఒకటి ఉంటుంది. దాన్ని దాటకుండా మోత పెంచాలంటే, పైకి లేచే దెబ్బలను అణచి, కిందున్నవాటిని పైకి లాగడం ఒక్కటే మార్గం. 1994లో వేవ్స్ సంస్థ తెచ్చిన ఎల్1 లాంటి పరికరాలతో ఆ పని మీట జరిపినంత తేలికైంది. ఇక ఎవరూ వెనక్కి తగ్గలేదు.

2008లో ఈ పిచ్చి పరాకాష్ఠకు చేరింది. హెవీ మెటల్ బృందం మెటాలికా ‘డెత్ మ్యాగ్నెటిక్’ ఆల్బమ్ వచ్చినప్పుడు అవే పాటలు గిటార్ హీరో అనే వీడియో గేమ్‌లోనూ వచ్చాయి. గేమ్ కోసం ఇచ్చిన ప్రతిలో అంత అణచివేత లేదు. అభిమానులు రెండూ పోల్చి చూసి, డబ్బు పెట్టి కొన్న సీడీకంటే ఆటబొమ్మలోని పాటే బాగుందని కనిపెట్టారు. ఆల్బమ్‌ను మళ్లీ మిక్స్ చేయాలని వేలమంది సంతకాలు పెట్టారు. గట్టిగా వాయించడమే వృత్తిగా పెట్టుకున్న బృందం అభిమానులే ‘మోత తగ్గించండి బాబూ’ అన్నారంటే ఇక చెప్పేదేముంది?

తర్వాత కథ ఇంకా చిత్రంగా ఉంది. చెవికి వినిపించే బిగ్గరతనాన్ని కొలిచే పద్ధతిని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ 2006లో ప్రమాణంగా ఖరారు చేసింది. స్ట్రీమింగ్ సేవలు ఆ కొలతను అందిపుచ్చుకున్నాయి. ఇప్పుడు స్పాటిఫై, యూట్యూబ్ లాంటివి మరీ గట్టిగా ఉన్న పాటను తామే తగ్గించి వినిపిస్తాయి. అంటే పక్క పాటను మోతలో ఓడించడం అక్కడ సాధ్యం కాదు. నలిపిన పాటకు నలిగినతనం మాత్రమే మిగులుతుంది, లాభం రాదు. అయినా అలవాటు పోలేదు. పోటీ రద్దయ్యాక కూడా పరుగు ఆపని వాళ్లను చూసి ఏమనాలి?

కాబట్టి నేటి పాటల మీద నా అసలు ఫిర్యాదు స్వరకర్తల మీద కాదు, గాయకుల మీద అంతకంటే కాదు. పాట విడుదలకు ముందు మాస్టరింగ్ అనే చివరి మెరుగు పెట్టే గదిలో కూర్చుని మీటలు తిప్పేవారి మీద, అలా తిప్పమని ఒత్తిడి తెచ్చేవారి మీద. ఈ మధ్య కొందరు యువ కళాకారులు, ముఖ్యంగా సొంత గదిలో రికార్డు చేసుకునేవారు, పాటను మళ్లీ ఊపిరి పీల్చుకోనిస్తున్నారు. అలాంటివి విన్నప్పుడు కాలం గుర్తుకు రాదు.

మిగతావి చకచకా. పాట మొదట్లో గొంతు వినిపించే ముందు వచ్చే వాయిద్యాల భాగం బాగా కురచబోయింది. అమెరికా టాప్ 10 పాటల్లో 1986లో సగటున ఇరవై సెకన్లు దాటి ఉండేది, 2015 నాటికి అయిదు సెకన్లకు దిగింది. స్పాటిఫైలో ముప్ఫై సెకన్లు వింటేనే విన్నట్టు లెక్క, ఈ తొందరకు అదీ ఒక కారణం కావచ్చు. పాటలు పొట్టివవుతున్నాయన్న బాధ నాకు లేదు, నిమిషానికి 78 సార్లు తిరిగే పాత రికార్డుల రోజుల్లోనూ మూడు నిమిషాలే దక్కేవి. మళ్లీ వస్తున్న నల్ల రికార్డులు చూడ్డానికి ముచ్చటగా ఉన్నాయి, కానీ నలిపిన మాస్టర్‌నే దాని మీద ముద్రిస్తే ఒరిగేదేమీ లేదు. కృత్రిమ మేధ కట్టే పాటల మాట ఇంకోసారి.

మీరూ పోల్చుకుంటానంటే ఒక్క జాగ్రత్త. రెండు పాటల ధ్వనీ సమానం చేయకుండా పోలిక మొదలుపెట్టకండి, లేకపోతే గట్టిగా మోగేదే గెలుస్తుంది. యాప్‌లో వాల్యూమ్ సమం చేసే సెట్టింగ్ వేసి ఉందో లేదో చూసుకోండి. పాత ఆల్బమ్ వెతికేటప్పుడు రీమాస్టర్ అని ఉంటే ఏ ఏటిదో చూడండి. 1990ల చివరి నుంచి 2010 దాకా వచ్చినవైతే మొదటి ముద్రణ కోసం ఇంకాస్త వెతకండి. కొత్త పాటల్లో మీకు నచ్చిన ఒకదాన్ని ఎంచుకుని, స్టూడియో ప్రతి పక్కన అదే కళాకారుడు ఒక్క గిటార్‌తోనో పియానోతోనో పాడిన ప్రతిని పెట్టి వినండి. అప్పటికీ పాట తేలిపోతే తప్పు పాటదే.