ఎత్తబడేది శ్రమలకు ముందా, తర్వాతా? ఏ వాదం ఎంతవరకు నిలుస్తుంది

రాకడ గురించి మన సంఘాల్లో జరిగే వాదన అంతా ఒక ఏడేళ్ల దగ్గరే. యేసు మళ్లీ వస్తాడు, ఆయనలో చనిపోయినవాళ్లు లేస్తారు, బతికున్న విశ్వాసులు పైకి ఎత్తబడి ఆయన్ను కలుసుకుంటారు (దీన్నే ఎత్తబాటు అంటారు). ఇక్కడిదాకా ఎవరికీ పేచీ లేదు. 1 థెస్సలొనీకయులకు 4:16, 17 వచనాలు ఈ సంగతి సూటిగానే చెబుతున్నాయి. ఆ కలుసుకోవడం క్రీస్తు విరోధి చెలరేగే ఏడేళ్ల శ్రమకాలానికి ముందా, మధ్యలోనా, ఆఖర్నా అన్నదగ్గరే గొడవంతా. ఆ రెండు వచనాల్లో ఏడేళ్ల ఊసే లేదు. అది దానియేలు 9వ అధ్యాయంలోని డెబ్బై వారాల్లో చివరి వారాన్ని (ఒక వారం అంటే ఏడేళ్లని లెక్క) విడదీసి, మన ముందు కాలానికి జరిపితే వచ్చే లెక్క.

తెలుగు సంఘాల్లో, ముఖ్యంగా బ్రదరెన్, పెంతెకొస్తు, స్వతంత్ర సంఘాల్లో, "శ్రమలకు ముందే" అనే వాదానిదే పైచేయి. ఉజ్జీవ సభల్లో కట్టే పొడవాటి గుడ్డ చార్టు చూసినవాళ్లకి ఇది కొత్త కాదు. ఎడమ చివర ఏదెను తోట, మధ్యలో సిలువ, ఆ పక్కన సంఘకాలం, అక్కడి నుంచి పైకి ఒక బాణం. దాని పక్కన "సంఘము ఎత్తబడుట" అని రాసుంటుంది. తర్వాత ఏడేళ్లు, ఆ తర్వాత కిందికి ఇంకో బాణం, భూమ్మీద క్రీస్తు వెయ్యేండ్ల పాలన. మొదటిది రహస్య రాకడ, రెండోది బహిరంగ రాకడ. చిన్నప్పటి నుంచి ఆ చార్టు చూసి పెరిగినవాడికి రెండు బాణాలూ బైబిల్లోనే గీసి ఉన్నాయనిపిస్తుంది.

ఈ రెండు బాణాల పద్ధతిని ఇప్పుడున్న రూపంలో నిలబెట్టింది జాన్ నెల్సన్ డార్బీ. ఐర్లాండు చర్చిలో పాదిరిగా ఉండి, బయటికొచ్చి బ్రదరెన్ సహవాసంలో పెద్ద బోధకుడైనవాడు. 1830ల మొదట్లో ఐర్లాండులోని పవర్స్‌కోర్ట్‌లో ప్రవచనాల మీద జరిగిన సభల్లో ఈ ఆలోచన బలపడింది. తర్వాత 1909లో వచ్చిన స్కోఫీల్డ్ బైబిలు దీన్ని వచనాల కిందే నోట్స్‌గా అచ్చువేసింది. దాంతో అమెరికా మిషనరీలు, బైబిలు కాలేజీల ద్వారా లోకమంతా పాకింది.

రెండొందల ఏళ్ల కిందట పుట్టింది కాబట్టి తప్పు అనెయ్యడం సరికాదు. ఆలస్యంగా అర్థమైన సత్యాలు కూడా ఉంటాయి. కానీ "అపొస్తలుల కాలం నుంచీ సంఘం ఇదే నమ్మింది" అని మైకులో చెప్పడం మాత్రం చరిత్రకు నిలవదు. రెండో శతాబ్దంలో ఐరేనియస్ వెయ్యేండ్ల పాలనను అక్షరాలా నమ్మినవాడే. అయినా సంఘం క్రీస్తు విరోధి చేతిలో శ్రమపడుతుందనే రాశాడు. "మేలుకొని ఉండండి" అని హెచ్చరించే, తొలి సంఘపు బోధల చిన్న పుస్తకం దిదాకే చివరి అధ్యాయంలో కూడా వరస ఇలాగే ఉంటుంది: లోకాన్ని మోసగించేవాడు ముందు, ప్రభువు రాక తర్వాత.

ఇంకో విషయం చాలామందికి తెలియదు. డార్బీ బోధకు మొదటి ఎదురు బ్రదరెన్ ఇంట్లోనే వచ్చింది. ప్లిమత్‌లో బెంజమిన్ విల్స్ న్యూటన్, గ్రీకు కొత్త నిబంధన పాఠ పరిశోధనలో దిట్ట అయిన ట్రెగెల్లెస్, ఇద్దరూ సంఘం శ్రమకాలం గుండా వెళ్తుందన్నారు. 1845లో ప్లిమత్ సహవాసం చీలింది. కారణం ఇదొక్కటే కాదుగానీ ఇదీ ఒకటి. అనాథాశ్రమాలతో పేరుపొందిన బ్రిస్టల్ జార్జ్ ముల్లర్ కూడా ప్రభువు రాకకు ముందు పాపపురుషుడు (క్రీస్తు విరోధి) బయలుపడాలనే చెప్పాడు. ఆ ముల్లర్ భార్యకు అన్నగారే మిషనరీ ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్. ఆయనతో 1836లో ఇండియాకు వచ్చిన బౌడెన్, బీర్ కుటుంబాలే నరసాపురం కేంద్రంగా గోదావరి డెల్టా మిషన్ మొదలుపెట్టాయి. అంటే మన గోదావరి జిల్లాలకు బ్రదరెన్ సాక్ష్యం వచ్చిన రోజుల్లో వాళ్ల ఇంగ్లండులోనే ఈ ప్రశ్న తేలలేదు. ఇవాళ ఒక మనిషిని సహవాసంలో ఉంచాలా వద్దా అనడానికి దీన్నే కొలబద్దగా వాడేవాళ్లు ఈ సంగతి ఒకసారి తలుచుకోవాలి.

"ముందే" అనేవాళ్ల బలం ఎక్కడుంది? వాళ్ల మొదటి ఆధారం 1 థెస్సలొనీకయులకు 5:9. దేవుడు మనల్ని "ఉగ్రతపాలగుటకు నియమింపలేదు". శ్రమకాలం అంటేనే దేవుని ఉగ్రత కాబట్టి సంఘం అక్కడ ఉండకూడదు అంటారు. రెండోది ప్రకటన 3:10లో ఫిలదెల్ఫియ సంఘానికి, శోధన కాలంలో నిన్ను కాపాడతానని ఇచ్చిన మాట. మూడోది, ప్రకటన 4 నుంచి 18వ అధ్యాయం దాకా సంఘం అన్న మాటే కనిపించదు. నాలుగోది, ప్రభువు ఏ క్షణమైనా రావచ్చంటే ఆ మధ్యలో జరగాల్సినవేవీ మిగిలి ఉండకూడదు.

వీటిలో మూడోది బలహీనం. ఆ అధ్యాయాల్లో పరిశుద్ధులు ఉన్నారు, యేసును గూర్చి సాక్ష్యమిచ్చేవాళ్లు ఉన్నారు, వాళ్లతో క్రూరమృగం యుద్ధం చేస్తుంది. వాళ్లు సంఘం కాదు, ఎత్తబాటు తర్వాత మారుమనస్సు పొందినవాళ్లు అని చెప్పాలంటే ఎత్తబాటు ముందే జరిగిందని మొదటే ఒప్పుకోవాలి. తేల్చాల్సిన విషయాన్నే ఆధారంగా తెచ్చుకున్నట్టు అవుతుంది. ఉగ్రత మాట నిజమే. కానీ ఉగ్రత వేరు, శ్రమ వేరు. "లోకములో మీకు శ్రమ కలుగును" అన్నది యోహాను 16:33. ఐగుప్తు మీద తెగుళ్లు పడినప్పుడు ఇశ్రాయేలీయులు ఆ దేశంలోనే, తాము ఉండే గోషెనులోనే ఉన్నారు, ఆకాశంలో లేరు. ఫిలదెల్ఫియకు ఇచ్చిన మాటను యోహాను 17:15 పక్కన పెట్టి చదవండి. లోకంలోంచి వీళ్లను తీసుకుపొమ్మని అడగడం లేదు, దుష్టుని నుంచి కాపాడమనే అడుగుతున్నాను అని ప్రభువే ప్రార్థించాడు.

"తర్వాత" అనేవాళ్లకు వచనం వరసే ఆధారం. మత్తయి 24:29 "ఆ దినముల శ్రమ ముగిసిన వెంటనే" అని మొదలై, మనుష్యకుమారుడు మేఘాల మీద రావడం, గొప్ప బూర, దూతలు ఏర్పరచబడినవాళ్లను పోగుచేయడం చెబుతుంది. థెస్సలొనీకయుల పత్రికలోనూ మేఘాలు, బూర, దూత శబ్దం, పోగవడం ఉన్నాయి. ఒకటి రహస్యం, ఒకటి బహిరంగం అని విడదీయడానికి ఆ వచనాల్లో చోటు కనిపించదు. ఆర్భాటంతో, ప్రధానదూత శబ్దంతో, దేవుని బూరతో వచ్చేది రహస్యం ఎలా అవుతుందో నాకైతే అంతుపట్టలేదు.

ఇక 2 థెస్సలొనీకయులకు 2. ఆ సంఘంలో "ప్రభువు దినం వచ్చేసింది" అని ఎవరో పుకారు పుట్టించారు, వాళ్లు కంగారుపడ్డారు. పౌలు జవాబు: "మొదట భ్రష్టత్వము సంభవించి నాశన పాత్రుడగు పాపపురుషుడు బయలుపడితేనేగాని ఆ దినము రాదు." ముందే ఎత్తబడతామని పౌలు నేర్పి ఉంటే, వాళ్ల టెన్షన్ తీర్చడానికి "మీరింకా ఇక్కడే ఉన్నారుగా, దిగులెందుకు?" అన్న ఒక్క ముక్క చాలేది. ఆయన ఆ మాట అనకుండా, మీరు చూడబోయే గుర్తులు ఇవీ అని చెప్పాడు. ఆ పాపపురుషుణ్ని ఇప్పుడు అడ్డగించేవాడు ఒకడున్నాడని కూడా పౌలు అంటాడు; ఆ అడ్డగించేవాడంటే పరిశుద్ధాత్ముడని, ఆయన తీసివేయబడటం అంటే సంఘం వెళ్లిపోవడమేనని ముందే అనేవాళ్ల వివరణ. కావచ్చు. అడ్డగించేది ఎవరో పౌలు ఆ పత్రికలో పేరు పెట్టి చెప్పలేదు, అందుకే ఆ ఖాళీలో ఎవరికి నచ్చింది వాళ్లు నింపుతున్నారు.

ఆకాశంలో కలుసుకుని మళ్లీ వెంటనే భూమికి దిగడం ఎందుకు, అర్థంపర్థం లేకుండా, అని "తర్వాత" వాదాన్ని ఎగతాళి చేస్తుంటారు. మన పెళ్లిళ్లలో ఎదురుకోలు చూడని తెలుగువాడు ఉండడు. ఆడపెళ్లివారు మేళంతో ఊరి చివరిదాకా వెళ్లి పెళ్లికొడుకును ఎదుర్కొంటారు. ఎదుర్కొని ఆయనతో పాటు ఎటో వెళ్లిపోరు, విడిదికి తీసుకొస్తారు. పది మంది కన్యకలు దివిటీలు పట్టుకుని వెళ్లింది అందుకే. అపొస్తలుల కార్యములు 28:15లో రోమా సహోదరులు పౌలుకు ఎదురెళ్లి ఆయనతో కలిసి రోమాకే తిరిగొచ్చారు.

ఇదే సందర్భంలో మరొకటి. "ఇద్దరు పొలములో ఉందురు, ఒకడు తీసికొనిపోబడును" అన్న మత్తయి 24:40 మీద ఎన్ని ప్రసంగాలు, ఎన్ని స్కిట్లు! డ్రైవరు లేని బస్సు, పొయ్యి మీద మాడిపోయే అన్నం. పైవచనం చదవండి: జలప్రళయం వచ్చి "అందరిని కొట్టుకొనిపోవు వరకు" వాళ్లకు తెలియలేదు. అక్కడ కొట్టుకుపోయినవాళ్లు దుష్టులు, మిగిలింది నోవహు. ఆ పోలికలో తీసుకుపోబడటం మంచిదే అనుకోవడానికి గట్టి కారణం లేదు. "ముందే" వాదంలోని ఉద్దండుడు, డల్లాస్ సెమినరీ జాన్ వాల్వూర్డ్ కూడా ఇది ఎత్తబాటు గురించి కాదనే రాశాడు.

మధ్యలో రెండు రాజీ మార్గాలు ఉన్నాయి. శ్రమకాలం మధ్యలో, మూడున్నరేళ్లకు ఎత్తబడతారనేవాళ్లు 1 కొరింథీయులకు 15లోని కడబూరను ప్రకటన 11లోని ఏడవ బూరతో కలుపుతారు. పౌలు ఆ పత్రిక రాసేనాటికి యోహానుకు ఆ దర్శనమే రాలేదు కాబట్టి ఈ ముడి వదులు. 1990లో మార్విన్ రోజెంతాల్ ముందుకు తెచ్చిన "ఉగ్రతకు ముందు" వాదం నయం. క్రీస్తు విరోధి పెట్టే హింస సంఘం చూస్తుంది, ప్రకటన గ్రంథంలోని ఆరవ ముద్ర తర్వాత దేవుని ఉగ్రత మొదలయ్యే ముందు ఎత్తబడుతుంది. ఉగ్రతను శ్రమ నుంచి వేరుచేయడం దీని బలం. ఆ ముద్రల వరసను మరీ క్యాలెండరులా పట్టుకోవడం దీని ఇబ్బంది.

గుంటూరు లూథరన్లకు ఈ తగువు అంతా పరాయిదిగా కనిపిస్తే ఆశ్చర్యం లేదు. వాళ్ల 1530 నాటి ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రమాణం 17వ అధికరణం పునరుత్థానానికి ముందు భూమ్మీద భక్తుల రాజ్యం అన్న బోధనే తోసిపుచ్చింది. ఒక్క రాకడ, ఒక్క తీర్పు, అంతే. క్యాథలిక్కుల బోధ కూడా సంఘం చివరి శోధన గుండా వెళ్లాలనే అంటుంది. వాళ్లకు చార్టు అవసరం పడలేదు.

మన పల్పిట్ల మీద ఒక తమాషా జరుగుతుంటుంది. సిద్ధాంతంగా "సంఘమంతా ముందే ఎత్తబడుతుంది" అంటారు, అదే ప్రసంగం చివర్లో "నువ్వు సిద్ధంగా లేకపోతే విడవబడతావు" అని విశ్వాసినే భయపెడతారు. సిద్ధపడిన విశ్వాసులే ఎత్తబడతారన్నది వేరే వాదం, ఇంగ్లండులో రాబర్ట్ గోవెట్ నేర్పిన పాక్షిక ఎత్తబాటు. రెండింటినీ కలిపి వడ్డించడం వల్ల రాత్రి ఇంట్లో అమ్మ కనబడకపోతే వణికిపోయే పిల్లలు తయారయ్యారు. పౌలు ఆ మాటలు చెప్పి "ఒకనినొకడు ఆదరించుకొనుడి" అన్నాడు.

తేదీలు పెట్టేవాళ్లను ఏ వాదమూ వెనకేసుకు రాకూడదు. విలియం మిల్లర్ అనుచరులు నమ్మిన 1844 అక్టోబరు 22 పోయింది, హెరాల్డ్ క్యాంపింగ్ చెప్పిన 2011 మే 21 పోయింది. అయితే ఏ క్షణమైనా అన్న బోధ ఉన్నచోట ఇలాంటి పుకారు తొందరగా అంటుకుంటుంది. గుర్తులు ముందు రావాలని నమ్మేవాడు కూడా క్షేమంగా లేడు. వార్తల్లో కనిపించే ప్రతి నాయకుడికీ 666 అతికించే జబ్బు వాడికి పట్టుకుంటుంది.

ఏది మేలు అంటే, "తర్వాత" వాదమే వచనానికి దగ్గరగా ఉందని నా అభిప్రాయం. అయినా దానికి జవాబు దొరకని ఒక ప్రశ్న ఉంది. రాకడ రోజున విశ్వాసులంతా మహిమ శరీరాలు పొంది, మత్తయి 25 ప్రకారం మేకలన్నీ (అంటే నమ్మనివాళ్లంతా) తీర్పులోకి పోతే, వెయ్యేండ్ల పాలనలో పిల్లల్ని కనే మామూలు మనుషులు ఎక్కడి నుంచి వస్తారు? ప్రకటన 20లో వెయ్యేండ్ల చివర తిరగబడే జనం ఎవరి సంతానం? మధ్యలో ఏడేళ్లు ఉంటే ఆ కాలంలో నమ్మినవాళ్లే వాళ్లని "ముందే" వాదం చక్కగా చెప్పగలదు. రాబర్ట్ గండ్రీ లాంటివాళ్లు గొర్రెలు మేకల తీర్పును వెయ్యేండ్ల తర్వాతకు జరిపి దీన్ని దాటారు. ఆ జరపడం నాకు పూర్తిగా నచ్చలేదు. వెయ్యేండ్లను సంఘకాలానికే గుర్తుగా తీసుకునే లూథరన్లకు ఈ చిక్కే లేదు, ప్రకటన 20లోని మొదటి పునరుత్థానం దగ్గర వాళ్ల చిక్కు వాళ్లకుంది.

యూత్ మీటింగ్‌లో ఈ పాఠం చెప్పాల్సి వస్తే చార్టుతో మొదలుపెట్టకండి. థెస్సలొనీకయుల రెండు పత్రికలూ కలిపి ఎనిమిది అధ్యాయాలే. ఒకేసారి కూర్చోబెట్టి పైకి చదివించండి, బాణాలు ఎక్కడ గీయాలో వాళ్లనే అడగండి.