ఈవీఎం సాఫ్ట్‌వేర్‌కి సర్టిఫికెట్ ఎవరిస్తే మేలు? మన పద్ధతా, అమెరికాదా, బ్రెజిల్‌దా?

మన దగ్గర ఈవీఎం గోల పార్టీని బట్టి కాదు, ఓటమిని బట్టి ఉంటది. 2019లో చంద్రబాబు ఈవీఎంలని ప్రశ్నించారు, 2024లో జగన్ పేపర్ బ్యాలెట్ అన్నారు. వాళ్ల సంగతి వదిలేయండి. అసలు మెషిన్ లోపల ప్రోగ్రామ్ కరెక్టుగా ఉందని ఎవరో ఒకరు చూసి సంతకం పెట్టాలి కదా, ఆ చూసేది ఎవరైతే నమ్మొచ్చు అన్నదే ఇక్కడ ప్రశ్న.

ముందు మనది చూద్దాం. మెషిన్లు చేసేది రెండే కంపెనీలు, బెంగళూరు బీఈఎల్, మన హైదరాబాద్ ఈసీఐఎల్. ఒకటి రక్షణ శాఖ కింద, ఇంకోటి అణుశక్తి శాఖ కింద. డిజైన్ చూసేది ఎన్నికల సంఘం వేసుకున్న నిపుణుల కమిటీ, టెస్ట్ చేసి సర్టిఫికెట్ ఇచ్చేది ఎస్‌టీక్యూసీ అనే సంస్థ, అది కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐటీ శాఖ కింద. అంటే చేసేవాళ్లూ, పరీక్ష పెట్టేవాళ్లూ ఇద్దరూ సర్కారు కిందివాళ్లే, పైగా సోర్స్ కోడ్, అంటే ఆ ప్రోగ్రామ్ రాత, బయటవాళ్లకి చూపించరు. లాభం లేదని కాదు, ప్రైవేటు కంపెనీ లాభాల గొడవ ఉండదు, మెషిన్‌కి నెట్ ఉండదు, ప్రోగ్రామ్ చిప్‌లో ఒకసారి రాస్తే మళ్లీ మార్చలేరని అంటారు. కానీ ఆ మాట కూడా వాళ్లే చెప్తున్నారు, మనం నమ్మాలి. 2010లో హైదరాబాద్‌కి చెందిన హరిప్రసాద్, ఇద్దరు విదేశీ నిపుణులతో కలిసి ఒక ఈవీఎంని చేతికి దొరికితే ఎలా మార్చొచ్చో చూపించినప్పుడు ఆయన్నే మెషిన్ దొంగతనం కేసులో అరెస్ట్ చేశారు. లోపం ఉంటే మూసేయడానికి ఇంతకంటే చెడ్డ దారి నాకైతే కనిపించలేదు.

అమెరికాలో పైకి చూస్తే చాలా నీట్‌గా ఉంటది. 2002 చట్టంతో ఎన్నికల సహాయ కమిషన్ పెట్టారు, అది గుర్తింపు ఇచ్చిన ప్రైవేటు ల్యాబులు రూల్ బుక్ పట్టుకుని మెషిన్‌ని, కోడ్‌ని టెస్ట్ చేస్తాయి. చిక్కు ఎక్కడంటే ఏ ల్యాబ్ అన్నది మెషిన్ కంపెనీయే ఎంచుకుంటుంది, ఫీజు కూడా కంపెనీయే కడుతుంది, పెళ్లిచూపులకి మధ్యవర్తిని అబ్బాయి వాళ్లే డబ్బులిచ్చి పెట్టుకున్నట్టు. దీని ఫలితం 2007లో బయటపడింది. కాలిఫోర్నియా రాష్ట్ర కార్యదర్శి డెబ్రా బోవెన్ యూనివర్సిటీ వాళ్లని కూర్చోబెట్టి డైబోల్డ్, హార్ట్, సెక్వోయా కంపెనీల మెషిన్లని కోడ్‌తో సహా మొత్తం విప్పించింది. అంతకు ముందు టెస్టులన్నీ పాసైన మెషిన్లే అవి, అయినా మూడింట్లోనూ తీవ్రమైన లోపాలు దొరికాయి. ల్యాబ్ వాళ్లు మోసం చేశారని కాదండీ, వాళ్ల పని రూల్ బుక్‌లో ఉన్న పాయింట్లకి టిక్ పెట్టడం, దాడి చేసేవాడు రూల్ బుక్ చూసి రాడు కదా.

బ్రెజిల్ నాకు నచ్చింది, పూర్తిగా కాదు గానీ ఈ మూడింట్లో. 1996లో మొదలుపెట్టారు, 2000 నుంచి వాళ్లవి మొత్తం ఎలక్ట్రానిక్ ఓట్లే. ఎన్నికకి ఏడాది ముందే పార్టీలకీ, యూనివర్సిటీలకీ, లాయర్ల సంఘానికీ కోడ్ తెరిచి చూపిస్తారు, 2009 నుంచి బయట నిపుణులని పిలిచి పబ్లిక్ సెక్యూరిటీ టెస్ట్ కూడా పెడుతున్నారు, వచ్చి పగలగొట్టండి అని. 2012లో డియెగో అరాన్యా అనే కంప్యూటర్ నిపుణుడి టీమ్ నిజంగానే పగలగొట్టింది, ఓటు ఎవరిదో తెలియకుండా ఓట్ల వరుసని కలగలపడానికి వాడిన ర్యాండమ్ నంబర్లకి సీడ్‌గా, అంటే మొదలుపెట్టే అంకెగా, మెషిన్ గడియారం టైమ్‌నే పెట్టారు, దాంతో వరుసని తిరిగి రాబట్టేశారు. ఇంజనీరింగ్ రెండో సంవత్సరం కుర్రాడు కూడా చేయకూడని తప్పు. బయటవాళ్లు చూశారు కాబట్టే దొరికింది. కాకపోతే షరతులు బోలెడు, టైమ్ తక్కువ, అన్నిటికంటే పెద్ద లోటు ఏంటంటే వాళ్ల మెషిన్‌కి ఓటు ఎవరికి పడిందో చూపించే మన వీవీప్యాట్ లాంటి చీటీ లేదు.

సర్టిఫికెట్ వరకే అయితే నా ఓటు బ్రెజిల్‌కే, మన కోడ్ కూడా అలా తెరవాలి. కానీ ఎంత గొప్ప సర్టిఫికెట్ అయినా ల్యాబ్‌లో చూసిన మెషిన్‌కే, మీ ఊరి బూత్‌లో ఉన్నదానికి కాదు. మన దగ్గర అయితే అభ్యర్థుల గుర్తులు తర్వాత ఎక్కిస్తారు, ఆ ఎక్కించే యూనిట్లని సీల్ చేసి 45 రోజులు దాచమని సుప్రీంకోర్టు 2024 ఏప్రిల్‌లో చెప్పాల్సి వచ్చింది. అదే తీర్పులో రెండు, మూడు స్థానాల్లో ఉన్నవాళ్లు అడిగితే 5 శాతం మెషిన్ల మెమరీ చెక్ చేయొచ్చన్నారు, చెక్ చేసేది మళ్లీ తయారుచేసిన కంపెనీ ఇంజనీర్లే. జర్మనీలో ఇలాంటి సర్టిఫికెట్ ఉన్న మెషిన్లనే 2005 ఎన్నికల్లో వాడితే, 2009లో రాజ్యాంగ కోర్టు ఆ వాడకం చెల్లదంది, టెక్నికల్ చదువు లేని ఓటరు కూడా ముఖ్యమైన దశలని సొంతంగా చూసుకోగలగాలి అని.

ఆ చూసుకోవడం మన దగ్గర చీటీతో అవుతుంది, చీటీ అబద్ధం చెప్తే ఓటరుకి అక్కడే కనిపిస్తుంది. 50 శాతం చీటీలు లెక్కించమని చంద్రబాబు, మిగతా ప్రతిపక్షాలు 2019లో కోర్టుకెళ్తే అసెంబ్లీ సెగ్మెంట్‌కి 1 బూత్ ఉన్నదాన్ని 5 చేశారు. ఇంకా అదే నడుస్తోంది, మెజారిటీ ఎంతైనా సరే. కొలరాడోలో 2017 నుంచి మెజారిటీ తగ్గేకొద్దీ ఎక్కువ పేపర్ బ్యాలెట్లు చూసే ఆడిట్ చేస్తున్నారు. మన దగ్గర 2024లో ఇండోర్‌లో 11 లక్షల పైన మెజారిటీ వచ్చింది, ముంబై నార్త్ వెస్ట్‌లో 48 ఓట్లు. రెండు చోట్లా సెగ్మెంట్‌కి అదే 5 బూత్‌లు.