పాముకాటు విరుగుడు ఇంజెక్షన్: పనితనం, దాని వెనకున్న జంతువులు

నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి అనే నాలుగింటి విషానికీ కలిపి మన దేశంలో వాడే విరుగుడు మందు ఒక్కటే. దాని పొడిని 10 మిల్లీలీటర్ల శుద్ధజలంలో కరిగించి సెలైన్‌తో రక్తనాళంలోకి ఎక్కిస్తారు. చీపురుపల్లి వైపు వరినాట్లప్పుడు మా పెద్దమ్మ కొడుకుని రక్తపింజరి కాటేసినప్పుడు, విజయనగరం ఆసుపత్రిలో దీని పనితనం దగ్గరుండి చూశాను. పింజరి విషం రక్తాన్ని గడ్డకట్టనివ్వదు; అన్నయ్య రక్తాన్ని గాజుగొట్టంలో 20 నిమిషాలు కదపకుండా ఉంచితే గడ్డకట్టలేదు. మందు ఎక్కించి ఆరు గంటలయ్యాక మళ్లీ చూస్తే గడ్డకట్టింది. మధ్యలో ఒళ్లంతా దద్దుర్లు లేచాయి. మందులో ఉండే గుర్రపు మాంసకృత్తులు పడక అలా అవుతుందనీ, అందుకే దాన్ని అదుపుచేసే అడ్రినలిన్ ఇంజెక్షన్ సిద్ధంగా ఉంచుతామనీ డాక్టరుగారు చెప్పారు.

గుర్రాలకు కొద్దికొద్దిగా విషమిచ్చి, వాటి రక్తంలో పుట్టిన, విషాన్ని విరిచే ప్రతిరక్షకాలతో ఈ మందు చేస్తారు. ప్రాణం నిలబెట్టే మందుకు ఇంకా వేరే దారి లేదు కనుక, ఆ గుర్రాలను శ్రద్ధగా చూసుకున్నంతవరకు దీన్ని నేను ఒప్పుకుంటాను.

చుంచెలుకల పరీక్షను మాత్రం అంత తేలిగ్గా ఒప్పుకోలేను. మిల్లీలీటరు మందు 0.6 మిల్లీగ్రాముల నాగుపాము విషాన్ని, 0.45 మిల్లీగ్రాముల కట్లపాము విషాన్ని విరుస్తుందన్న లెక్క, విషాన్నీ మందునీ ముందే కలిపి చుంచెలుకలకు ఎక్కించి, ఎన్ని చచ్చాయో ఎన్ని బతికాయో చూసి తేల్చినది. పొలంలో కాటు పడ్డ మనిషికి విషం ముందు ఎక్కుతుంది, మందు గంటల తరవాత అందుతుంది. కట్లపాము విషం నరాల కొసలను దెబ్బతీశాక ఎంత మందు పోసినా ఆ నష్టాన్ని మందు సరిచెయ్యలేదు, ఊపిరియంత్రమే దిక్కు. ఈ సంగతి ఆ పరీక్షలో బయటపడదు. పైగా ఈ మందుకు వాడే విషంలో ఎక్కువ భాగం చెన్నై దగ్గర 1978లో ఏర్పడ్డ పాములు పట్టే ఇరుళ గిరిజనుల సహకార సంఘం సేకరించేది. రక్తపింజరి విషం ప్రాంతాన్ని బట్టి మారుతుంది కనుక, అక్కడి విషంతో నెగ్గిన మందు మన జిల్లాలో అంతే పనిచేస్తుందని ఆ చుంచెలుకల చావు హామీ ఇవ్వదు.

కొత్త మందుల విషయంలో జంతువులు అక్కరలేని పద్ధతులకు మన దేశం 2023లో నిబంధనలు సవరించి చోటిచ్చింది. పింజరి విషాల వరకైనా, ఆసుపత్రిలో మంచం పక్కన చేసినట్టే, రక్తం గడ్డకట్టే పరీక్షతో ప్రయోగశాలలో ముందు వడపోసి, చుంచెలుకల సంఖ్య తగ్గించాలని తయారీదారులను కోరుతున్నాను. విషం ఏ ప్రాంతపు పాములదో సీసా మీద అచ్చు వెయ్యాలి.